మరువ అరవని పొద్దు

కొర్రలు సగం చెరిగాను. చేట మోకాళ్ల మీద ఆనించుకుని మట్టిబెడ్డలు ఏరి పడేస్తుంటే, వాకిట్లో ఎవరో కాళ్లకంటిన రేగడిని రాతికి గీకుతున్న చప్పుడయింది. తలెత్తి చూస్తే మా నాయన. నెత్తిమీద గోనెసంచి ముసుగు. పంచె మోకాళ్లదాకా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చంకలో చిన్న మూట.

"ఏం పాపా, బాగుండావా?" అని నా కడుపు వైపు ఒకసారి చూసి నవ్వి, మళ్లీ కాళ్లు గీక్కోవడంలో పడ్డాడు.

నాకప్పుడు ఏడో నెల. తొలికాన్పు. నన్ను పుట్టింటికి పిలుచుకుపోవడానికి వచ్చాడు. మా అత్తగారి ఊరు కొండ్రదిన్నె, చెరువుకు పక్కన, ఎత్తు మీద ఉంటుంది. మా పుట్టినూరు జాలవంక, అదే చెరువు కట్టకు దిగువన, కోసు దూరంలో. మూటలో అమ్మ పంపిన వేరుశనగ ఉండలున్నాయి. అమ్మ నడింటికి సున్నం కొట్టి, నా మంచం వేసే మూల కొత్తగా అలికి పెట్టిందట. తమ్ముడు మారెన్న ఉయ్యాలకు తాడు పేనుతున్నాడట. అప్పుడే అంత ముందుగా ఎందుకని నేను నవ్వాను.

"నేను చెప్తే ఇంటాడా? బిడ్డ కంటే ముందు వాడికి తొందరగా ఉండాది, మామ అయ్యేదానికి," అన్నాడు నాయన.

అంతలో మా మామ దేవేంద్రప్ప వచ్చాడు. ఊరికి పెద్ద రైతు. ఆయన పంచె కూడా మట్టి కొట్టుకుని ఉంది. ఆ రోజు బండి దొరకదని, ఊళ్లో ఉన్న బండ్లన్నీ చెరువు కట్ట మీదే ఉన్నాయని చెప్పాడు. రేపు పొద్దున్నే తన బండే కట్టించి పంపుతానన్నాడు.

కర్నూలు రాజధాని అయిందని బడిపిల్లలకు బొరుగులు, బెల్లం పంచిన నెల అది. అంతకు ముందు వరసగా కరువు. ఊరి మొదట్లో గంజి కాచి పోసేవాళ్లు. గొడ్లను అమ్ముకోలేక, మేపలేక, కట్టు విప్పి అడవికి తోలేసినవాళ్లున్నారు. చెరువులో మట్టి పగిలి, ఆ పగుళ్లలో మేకపిల్లల కాళ్లు ఇరుక్కునేవి. నేను కాపురానికి వచ్చాక ఆ చెరువులో నీళ్లు చూసింది లేదు. అలాంటిది ఆ చిత్తకార్తెలో ముసురు పట్టి, చెరువు మరువదాకా వచ్చింది.

మరువ అంటే కట్ట చివర రాతితో కట్టిన అడ్డుగోడ. చెరువు నిండితే మిగులు నీళ్లు దాని మీదుగా పొర్లి వంకలో పడతాయి. వంక జాలవంక పక్కగా పోయి, ఇంకా దిగువకు పోయి, ఏట్లో కలుస్తుంది. మా వైపు నీళ్లు ఏట్లో కలవడమంటే పోవడమే. అందుకని నిండే సూచన కనిపిస్తే మరువ మీద రాళ్లు పేర్చి, కంపలు వేసి, బంకమట్టి మెత్తుతారు. ఇంకో మూరెడు నీళ్లు నిలుస్తాయి. ఆ మూరెడు నీళ్లే వరి చివరి తడికి పనికొస్తాయి. పాతకాలం నుంచీ అందరూ చేసే పనే. తప్పని ఎవరూ అనుకోరు.

"పోనిచ్చేదానికి మనసు ఒప్పదు బావా," అన్నాడు మామ.

"ఎవరి మనసు ఒప్పుతాది? నీ చెరువు నిండుగా ఉంటేనే గదా నా బాయికి ఊట," అని నాయన అంగీ విప్పి నా చేతికిచ్చాడు. తలగుడ్డ బిగించి కట్టుకున్నాడు.

మా అత్త రామసుబ్బమ్మ లోపలి నుంచి తొంగిచూసి, వియ్యంకుడు వస్తే కోడిని కోసేది పోయి రాళ్లు మోయిస్తున్నారా అని మామను దెప్పింది. నాయన నవ్వుతూనే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేను, అత్త సంగటి ముద్దలు, పప్పు గంపలో పెట్టుకుని కట్ట మీదికి వెళ్లాం. తిరునాళ్ల ఉన్నట్టుంది. తూము దగ్గర ఆడవాళ్లు గంగమ్మకు పసుపు, కుంకుమ వేసి, కొత్త రవికెగుడ్డ నీళ్లలో వదులుతున్నారు. అటు చివర మరువ మీద మగవాళ్లంతా వరస కట్టి, ఒకరి చేతి నుంచి ఒకరికి రాళ్లు అందిస్తున్నారు. నా భర్త సోమన్న నీళ్లలో దిగి, తుమ్మకంపలు అడుగుకు తొక్కుతున్నాడు. నాయన భుజం మీద బంకమట్టి తట్ట పెట్టుకుని పరుగులాంటి నడకతో వస్తున్నాడు. వద్దన్నా వినడం లేదట. అక్కడి పడుచువాళ్లు ఆయన్ని కొత్త పెండ్లికొడుకని ఎగతాళి చేస్తున్నారు.

నన్ను చూసి తట్ట దించి, నీళ్లలోకి చెయ్యి పెట్టి తీశాడు. ఎర్రటి నీళ్లు మోచేతిదాకా కారుతుంటే అలాగే చూశాడు.

"చూడు పాపా. ఇన్ని నీళ్లు. పోనిస్తారా ఎవరన్నా?"

కట్ట మీద నిలబడి దిగువకు చూస్తే జాలవంక కనిపించేది. వంక ఒడ్డున మిద్దెలు, వాటి చుట్టూ చింతచెట్లు, అవతల రాతిమిట్ట, మిట్ట మీద సున్నం కొట్టిన చిన్న చర్చి. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో పడమటి నుంచి వలస వచ్చిన ఎవరో ఒకాయన ఆ వంకలో ఇసుక తోడితే నీళ్లు జాలుగా ఊరాయట. చావడానికి పోతున్నవాళ్లు అక్కడ ఆగిపోయారు. ఆయన మా ముత్తాతకు తండ్రి అని నాయన చెప్పేవాడు. ఊరు పుట్టింది అలాగ. ఎండాకాలంలో చుట్టుపక్కల బావులన్నీ ఎండినా, జాలవంక చెలమల్లో కడవ ముంచేంత నీళ్లుండేవి. అందుకే అందరూ వంకకు దగ్గరగా ఇళ్లు కట్టుకున్నారు. ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప. చివర్లో వచ్చిన కిరస్తానీ వాళ్లకు మాత్రం ఎవరికీ పనికిరాని రాతిమిట్ట ఇచ్చారు. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ చర్చి పంచలోనే. గాబ్రియేలు పంతులు చెప్పేవాడు.

జాలవంకకు ఒక పద్ధతి ఉండేది. పైన మరువ పారితే ఆ హోరు కోసు దూరం వినిపిస్తుంది. మరువ అరుస్తోంది అనేవాళ్లు. వానరోజుల్లో అమ్మ పని ఆపి, తల పక్కకు వంచి వినేది. అరుపు వినిపిస్తే ఇక క్షణం ఆగేవాళ్లు కాదు. వంకలో ఉన్న గొర్రెలను తోలుకొచ్చేవాళ్లు. చెలమల దగ్గర కడవలు ఎత్తేవాళ్లు. ముసలివాళ్లను, పిల్లలను మిట్ట మీదికి చేర్చి, వరద తీసేదాకా చర్చి పంచలో కూర్చునేవాళ్లు. అరుపు వినిపించకపోతే చెరువు ఇంకా నిండలేదని లెక్క. ఎంత వాన పడినా ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు.

ఆ రోజు మరువ మీద అంతమంది ఉన్నారు. ఈ సంగతి ఒక్కరికీ తోచలేదు. పొద్దు మునిగేదాకా పని చేసి, పాటలు పాడుకుంటూ ఇళ్లకు వచ్చారు.

రాత్రంతా వాన పడింది. తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది. మామ తెల్లవారుజామునే కట్ట మీదికి పోయి వచ్చి, ఒక్క చుక్క కూడా పొర్లలేదని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం పిల్లవాడి ముఖంలా ఉంది. వాకిట్లో బండి కట్టారు. సోమన్న బండిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేశాడు. నాయన పంచలో కూర్చుని సంగటి తింటున్నాడు. నేను జడ వేసుకుంటున్నాను.

బండెడు రాళ్లు ఒక్కసారి కుమ్మరించినట్టు చప్పుడయింది. తర్వాత ఇంకోటి. ఎడ్లు కాడి కింద నుంచి మెడలు లాక్కోబోయాయి. వీధిలో ఎవరో పరుగెత్తుకుంటూ, కట్ట తెగింది, కట్ట తెగింది అంటూ పోయారు.

అందరం ఊరి అంచుకు పరుగెత్తాం. తూము పక్కన కట్ట లేదు. ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తోంది. అందులోంచి చెరువంతా కిందికి వంగి పోతోంది.

మా అత్త నోరు కొట్టుకుంది. "నీళ్లు పాయె. మా నీళ్లు పాయె," అని ఏడ్చింది. వీధిలో ఆడవాళ్లంతా అదే ఏడుపు. మామ నేల మీద కూలబడ్డాడు. నా భర్త రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. నా పక్కన నాయన, చేతికింకా సంగటి అంటుకునే ఉంది, "అయ్యో, ఇన్ని నీళ్లు," అన్నాడు. 

అన్నవాడు నోరు మూయలేదు. అలాగే తల తిప్పి దిగువకు చూశాడు.

"మరువ అరవలా," అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన నా వైపు తిరిగి, నేనేదో చెప్పాలన్నట్టు, మెల్లగా ఇంకోసారి అన్నాడు. తర్వాత పరుగెత్తాడు. సోమన్న ఆయన వెంట పరుగెత్తాడు.

నేను అక్కడే నిలబడి చూశాను. జాలవంకలో పొయ్యిలు రాజేసే వేళ అది. ఊరంతా ఇళ్ల మీద పొగ సన్నగా లేస్తోంది. తడి కట్టెలకు తెల్లటి పొగ. మా ఇల్లు ఏదో పొగను బట్టే గుర్తు పట్టగలను, వంక వైపు చివరిది. ఎర్రటిదొకటి పొలాల మీదుగా పోయింది. దూరానికి అది నీళ్లలా లేదు. దున్నిన నేలే జరుగుతున్నట్టుంది. చింతచెట్లు ఒకటొకటిగా వంగాయి. చివరింటి పొగ ఆగిపోయింది. దాని పక్కింటి పొగ ఆగిపోయింది. తర్వాత ఏ ఇంటి మీదా పొగ లేదు. ఇళ్లూ లేవు. చర్చి మాత్రం తెల్లగా అలాగే ఉంది.

నా వెనక ఆడవాళ్లు ఇంకా నీళ్ల కోసమే ఏడుస్తున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే నన్ను చూసి ఏడుపు ఆపారు. అప్పటికి గానీ వాళ్లకు కింద మనుషులున్నారని గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి వంకలో వరద తీసింది. నాయన రాలేదు, సోమన్న రాలేదు. నేను పంచలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. కట్టిన బండి కట్టినట్టే ఉంది. ఎవరూ ఎడ్లను విప్పలేదు. ఎండ వచ్చింది. మామ, ఇంకొందరు రైతులు గడ్డపారలు తీసుకుని మా వాకిలి ముందు నుంచే మరువ వైపు పోయారు. గండి పడింది తూము దగ్గర. వీళ్లు మరువకెందుకు పోతున్నారా అని లేచి, గోడ మీదుగా చూశాను. నిన్న పేర్చిన రాళ్లను ఊడబీకుతున్నారు. బంకమట్టి గీకి చెరువులోకి తోస్తున్నారు. కంపలను దూరంగా ఈడ్చుకుపోతున్నారు. నిన్న వరస కట్టినట్టే కట్టి, చేతి నుంచి చేతికి రాళ్లు అందిస్తున్నారు. ఈసారి ఎవరూ మాట్లాడటం లేదు. 

అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "లోపలికి రామ్మా. అవన్నీ నువ్వు చూడాకు," అంది.

మరుసటి రోజు తాసిల్దారు జీపులో వచ్చాడు. పాత కట్ట, పెద్ద వాన అని ఊరు ఊరంతా ఒకే మాట చెప్పింది. ఆయన మరువ దగ్గరికీ పోయి చూశాడట. ఎప్పటిలాగా ఉంది.

సోమన్న ఆ సాయంత్రం నాయనను భుజం పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చాడు. మారెన్న వంకలో చాలా దిగువన తుమ్మచెట్టుకు తగులుకుని దొరికాడు. అమ్మ దొరకలేదు. మా ఇల్లు ఉన్న చోట పునాదిరాళ్లు కూడా లేవని, ఇసుక మేట వేసి చదునుగా ఉందని సోమన్న నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆగి, నేను కూర్చున్నానో లేదో చూసి, మళ్లీ చెప్పాడు. జాలవంకలో బతికింది మిట్ట మీదివాళ్లు, ఆ రోజు వేరే ఊళ్లలో బంధువుల ఇళ్లకు పోయిన కొందరు ముసలివాళ్లు, మిట్ట మీద బడికని ముందుగా పోయిన కొందరు పిల్లలు. అంతే.

నాయన పడసాలలో స్తంభం పక్కన కూర్చున్నాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నాతో కూడా మాట్లాడలేదు. మామ రోజూ ఆయన పక్కన కూర్చుని, ఎవరికి రాసిపెట్టింది వాళ్లకు జరుగుతుందని, ఇది నీ ఇల్లే అనుకోమని చెప్పేవాడు. ఒకరోజు గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. మరువ సంగతి బయటపడితే ఊళ్లో మగవాళ్లందరినీ పట్టుకుపోతారట. ముందు తనను, తర్వాత సోమన్నను. "నీ బిడ్డ కడుపుతో ఉండాది బావా. నువ్వు గూడా మోసినోడివే గదా," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఏసన్న వచ్చాడు. మిట్ట మీది మనిషి. మా పుట్టింటి పొలంలో ఏటా కోతలకు వచ్చేవాడు. నన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని వంక దాటించినవాడు. ఎప్పుడు వచ్చినా వాకిలి బయట నిలబడే మాట్లాడేవాడు. ఆ రోజు మామ ఎదురుపోయి, లోపలికి రమ్మని, పడసాలలో చాప వేయించాడు. ఏసన్న బిత్తరపోయి చాప కొసన కూర్చున్నాడు. అత్త మజ్జిగ తెచ్చి ఇంట్లో వాళ్లం తాగే గ్లాసులోనే పోసి ఇచ్చింది. ఆ గ్లాసు ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

అతని భార్య వరమ్మ ఆ పొద్దున చెలమకు పోయి వంకలోనే పోయింది. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. అతనే నాయన వైపు తిరిగాడు.

"మిట్ట మీద గుడిసెలు ఏసుకుంటాండాం ఓబులేసప్పా. చర్చి అయ్యగారు వెదుళ్లు ఇప్పిస్తామన్నారు. మీవోళ్లలో మిగిలింది పిల్లోళ్లు, ముసలోళ్లే. వాళ్లు గూడా మాతోనే ఉండారు. ఇది చెయ్యండి, ఇది వద్దు అని చెప్పేవాడు ల్యాడు. నిన్ను పిల్చకరమ్మన్నారు."

"నన్నా?"

"ఇంకెవర్ని? ఊరు మళ్లీ కట్టుకోవాల గదా. నువ్వుంటే ఊరన్నట్టు ఉంటాది."

నాయన ముఖంలో ప్రాణం వచ్చింది. అన్ని రోజులకు అదే మొదటిసారి. లేచి, కొయ్యకు తగిలించిన తువ్వాలు తీసుకున్నాడు. నన్ను చూసి, "పోయొస్తా పాపా. గుడిసె అయినాక నిన్ను పిల్చకపోతా," అన్నాడు. నేను తల ఊపాను. ఆయనకు అక్కడ తప్ప బతుకు లేదని నాకు తెలుసు. ఆ ఇసుకలోనే ఎక్కడో అమ్మ ఉంది.

ఏసన్న మజ్జిగ ఒక గుక్క తాగి, గ్లాసు చాప మీద దించాడు.

"ఒక్క మాట అప్పా. ఆ పొద్దు నువ్వు ఈడనే ఉండావంట గదా. మరువ ఎందుకు అరవలా?"



"వరమ్మ లేచి నన్ను అడిగినాది, మరువ ఏమన్నా ఇనపడతాందా అని. నేను చెవి పెట్టి ఇన్నా. ఏం ల్యా. ఏం ల్యాదులే, పోయి నీళ్లు తెచ్చుకో అన్నా. నేనే పొమ్మన్నా అప్పా. మిట్ట మీద అందరూ అంటాండారు, చెరువు నిండకుండా కట్ట తెగదు, నిండితే మరువ అరవకుండా ఉండదు, నువ్వే సరిగ్గా ఇని ఉండవు అని. నా చెవులే పోయినాయేమో."

మామ వెంటనే అందుకున్నాడు. "గాలి ఏసన్నా. ఆ పొద్దు గాలి పడమటికి తిరిగింది. అరుపంతా అటు కొట్టకపాయె. మాకే సరిగ్గా ఇనపడలా."

"గాలా?" అన్నాడు ఏసన్న. తల ఊపాడు. "అయితే గాలి ఉన్నెట్టు నాకు తెలీలా. నిద్రమత్తులో ఉంటినేమో." నమ్మాడు. తన తప్పు తనకే ఉంచుకుని, లేవడానికి చెయ్యి నేల మీద ఆనించాడు. "పోదాం పా అప్పా. ఎండ ముదరకముందే."

నాయన కదల్లేదు. తువ్వాలు రెండు చేతుల్లో ఉంది. మామ ఆయన్ని చూశాడు. అత్త తలుపు పట్టుకుని నిలబడింది. సోమన్న నా వైపు చూశాడు, ఏదో చెయ్యి అన్నట్టు. నేను నాయననే చూస్తున్నాను. ఆయన ఊరకుంటే చాలు. ఊరకుండి, ఏసన్న వెంట నడిస్తే చాలు. మిట్ట మీద పిల్లలు ఆయన చుట్టూ చేరతారు.

"గాలి గాదు ఏసన్నా," అన్నాడు నాయన.

"బావా," అన్నాడు మామ.

"మరువకు అడ్డం కట్టినాం. రాళ్లు పేర్చి, బంకమట్టి మెత్తినాం. నేను గూడా మోసినా. వద్దంటే గూడా ఇనకుండా పొద్దు మునిగేదాకా మోసినా. మరువ అరిసే దారే ల్యాకుండా చేసినాం. నీ చెవులకేం కాలా. నువ్వు ఇనింది నిజమే."

ఏసన్న సగం లేచినవాడు అలాగే ఆగిపోయాడు. నాయన ముఖంలోకి చూశాడు. తర్వాత నాయన చేతుల్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏసన్న మజ్జిగ గ్లాసును చాప మీద నుంచి తీసి, ఒలకకుండా జాగ్రత్తగా గోడ పక్కన పెట్టాడు. నిలబడి, గడప దాటి, వాకిలి దాటి, నాయనను రమ్మనకుండానే వెళ్లిపోయాడు.